నాడి ఒప్పుకుంది

నమోదు 112

మా ఇంట్లో నేను మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు. మాట్లాడితే గారాలు పోతున్నట్టు.

"సౌదా దేనికీ కాదనదు" అని అమ్మ కనబడినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది, అదేదో తను పెట్టిన నగ అయినట్టు. చిన్నప్పుడు పులిసిన మజ్జిగ ఇచ్చినా కిమ్మనకుండా తాగేదాన్నట. ఎప్పుడు తాగాను? కిటికీలోంచి సముద్రంలో పారబోసేదాన్ని. గ్లాసు ఖాళీ అయింది కాబట్టి తాగినట్టే లెక్క.

కాలేజీలో కోర్సు ఇచ్చిన రోజూ అంతే. నేను అడిగింది ప్రవాహాల సర్వే. పడవల మీద నెలల తరబడి తిరిగే చదువు. బల్ల అవతలావిడ కోర్సుల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ నాడిని బట్టి రంగు మారే నా చేతి కంకణం చూస్తోంది. సర్వే పేరు వినగానే గుండె ఎగిరి కంకణం ఎర్రబడింది. "ఈ పిల్లకి భయం" అని కొట్టేసింది. చివరికి "తోడు వైద్యం" అనేసరికి నేను విసుగొచ్చి సగం నిద్రలో ఉన్నాను. కంకణం ఆకుపచ్చగా వెలిగింది. అమ్మ చప్పట్లు కొట్టింది.

అలా నేను తోడునయ్యాను. పొట్ట కోయించుకునే వాళ్ళకి ముందూ వెనకా ఊపిరి నేర్పడం, నూనె రాయడం, వాంతి రాకుండా నొక్కుల వైద్యం, జావ ఎలా గుటకేయాలో చెప్పడం నా పని. ఈ నమోదులు హాస్పిటల్ వాళ్ళు రాయమన్నవే. రోగి గురించి రాయాల్సింది రాసి మిగతా చోట నా గోడు రాసుకుంటున్నాను. ఎవరూ చదవరు. వాళ్ళకి కంకణం రంగు చాలు.

ఇవాళ వదిన నెల తప్పిందని చెప్పింది. అందరం సంతోషించాం. తరవాత అన్నయ్య నిచ్చెన దిగి, మా అర ఎంత మునిగిందో చూసొచ్చాడు. సముద్రం మీద తేలే ఈ తెప్ప ఊళ్ళో ఒక్కో ఇంటి అరకీ బయట గోడ మీద ఎర్ర గీత ఉంటుంది. నీళ్ళు ఆ గీత దాటకూడదు. మాకు వేలెడు మిగిలింది. బీరువా ఎప్పుడో తీసేశాం. మంచాలూ తీసేశాం. ఇంక తియ్యడానికి మనుషులే ఉన్నారు.

భోజనాల దగ్గర అమ్మ నాకు ఒక గరిటె అన్నం తక్కువ వేసింది.

నమోదు 113

రోగి డేవిడ్‌రాజు. లంగరు పడవ మనిషి, నీళ్ళలోకి దిగి తెప్ప గొలుసులు చూసే పని. లంగరు పడవల మీద గీత లేదు, తూకం లేదు. ఇతన్ని ఎవరూ తగ్గమనలేదు. షుగరు, మోకాళ్ళ నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం. తనంతట తనే వచ్చాడు.

రాగానే అతని చేతికి వేసిన కంకణం భగభగ ఎరుపు.

"చేయించుకోవాలని ఉందా?" అన్నాను.

"ఆయ్, అందుకే గదండీ వచ్చింది."

"మరెందుకింత ఎర్రగా ఉంది?"

"కోస్తారు గదండీ మరి!"

అదీ ఇబ్బంది. నోటితో వందసార్లు సరే అన్నా కంకణం ఎర్రగా ఉంటే డాక్టరు కత్తి పట్టకూడదని చట్టం. ఈ చట్టం దుర్మార్గులు పెట్టింది కాదు. వెనకటికి ముసలమ్మల్నీ కోడళ్ళనీ ఇంటివాళ్ళు వెంటబెట్టుకొచ్చి "చెప్పవే, సరేనని చెప్పు" అంటే, గుండెలు దడదడలాడుతున్నా సరే సరే అంటూ బల్లెక్కేవారట. అందుకని నోటిని నమ్మడం మానేశారు. "నోరు అబద్ధమాడుతుంది, నాడి ఆడదు" అని మా హాస్పిటల్ గుమ్మం మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది.

ముందు ఏమేం మింగుతున్నాడో అడిగాను. వెల్లుల్లి మాత్రలు, ఎవరో ఇచ్చిన వేరుపొడి. రెండూ ఆపించాను. మందు కాదనుకుని జనం చెప్పరుగానీ, అవి రక్తాన్ని పలచబరుస్తాయి. కోత రోజున రక్తం ఆగదు. ఆ తరవాత వట్టివేరు తడిపి తలాపున పెట్టి, ఊపిరి మొదలెట్టాం.

"లోపలికి తీసుకోండి. ఇప్పుడు దానికి రెట్టింపు నెమ్మదిగా వదలండి."

"నాకు పట్టడం బాగా వచ్చండి. వదలడమే రాదు. నీళ్ళలో వదిలితే చచ్చిపోతాం గదండీ."

"ఇక్కడ నీళ్ళు లేవు."

"కిందంతా నీళ్ళేనండి. ఉప్పాడ ఊరుందండి కింద, నేను చూశాను."

నవ్వొచ్చింది. ఆ నవ్వుకే అతని ఊపిరి వదులైంది. రెండోనాటికి కంకణం ఆకుపచ్చ పట్టింది. కోత బాగా జరిగింది. పొట్ట సంచీని నిలువునా తీసేసి అరటికాయంత ఉంచుతారు. మొదటి గుటక నీళ్ళు తాగి, "సముద్రం మొత్తం మింగేసినట్టుందండి మేడమ్" అన్నాడు. మణికట్టు మీద మూడు వేళ్ళ పైన నొక్కి పట్టుకున్నాను. వాంతి ఆగింది.

ఇలాంటి రోజున నా పని నాకు నచ్చుతుంది. అమ్మతో మాత్రం చెప్పను. చెప్తే "చూశావా, నాడికి ముందే తెలుసు" అంటుంది.

నమోదు 115

రోగి అమ్మాజీ గారు. నాలుగో అర ఉమ్మడి వంటశాలలో పెద్ద వంటమనిషి. కోడలికి నెలలు నిండుతున్నాయి. చోటు పెట్టడానికి వచ్చారు.

మా తెప్ప మీద పుట్టబోయే ప్రతి బిడ్డకీ ముందే చోటు పెట్టాలి. బిడ్డా, బిడ్డ తాగే నీళ్ళూ, ఉయ్యాలా అన్నీ బరువే. ఇంట్లో ఒకరు అంతమేర తగ్గితే గీత నిలుస్తుంది. చోటు పెట్టేవాళ్ళకి పేరంటం చేస్తారు. కాళ్ళకి పసుపు రాసి, చీర పెట్టి, వాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి నిండు విస్తరి వేస్తారు. ఆ పూట ఎంత తిన్నా ఎవరూ ఏమీ అనరు. మర్నాటి నుంచి జావ. ఆ తరవాత కోత.

అమ్మాజీ గారి విస్తరి మొన్ననే అయిందట. తన విస్తరి తనే వండుకున్నారు.

"ఇంకెవరైనా వండితే ఉప్పు సరిపోదమ్మాయ్. చివరి భోజనం చప్పగా తినమంటావా?"

ఆవిడ అరికాళ్ళకి నువ్వులనూనె మర్దనా చేస్తుంటే కళ్ళు మూసుకునే నవ్వడం మొదలెట్టారు.

"ఏంటి పిన్ని గారూ?"

"నూనె రాసి, పక్కన పెట్టి, రెండ్రోజులాగి కోతకి పంపుతారు. పండుగొప్ప చేపనీ మేం ఇలాగే చేస్తాం. పసుపూ కారం తక్కువైంది, చూసుకో."

ఊపిరి పాఠం ఇంత తొందరగా పట్టుకున్నవాళ్ళని నేను చూడలేదు. నాలుగు డేగిసాల మీద ఒక్కసారే కన్నేసి ఉంచే మనిషి, తన ఊపిరి మీద కన్నేసి ఉంచడం ఆవిడకో లెక్క కాదు. ఇప్పుడు నా చెయ్యి కాలికి తగలగానే కంకణం ఆకుపచ్చ అవుతోంది.

నమోదు 118

ఇవాళ తుమ్మెద నాదం చేయిస్తున్నాను. పెదవులు మూసి, ఊపిరి వదుల్తూ సన్నగా ఝుమ్మనాలి. మధ్యలో ఆపి, కళ్ళు తెరవకుండానే, చారులో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నారు.

"నాకు వద్దమ్మాయ్."

"ఏం వద్దు పిన్ని గారూ?"

"ఈ కోత."

కంకణం చూశాను. లేత అరిటాకులా ఉంది.

"ఇంట్లో చెప్పారా?"

"చెప్పాను. మావాడు నా చెయ్యి పట్టుకు చూసి, 'ఏం లేదమ్మా, ఊరికే బెంగ, చూడు ఎంత నిమ్మళంగా ఉన్నావో' అన్నాడు. మంచోడే మావాడు. నా కాళ్ళు పిసికి మరీ పడుకుంటాడు."

"ఎందుకు వద్దు?"

"రెండొందలమందికి వండుతాను. అరచేతిలో ఇంత వేసుకు నాకకుండా రుచెలా తెలుస్తుంది? అదొకటి. రెండోదేంటంటే... రెండోది లేదులే. నా పొట్ట. నాకు వద్దు."

కంకణం ఆకుపచ్చ.

డాక్టర్ కామేశ్వరి గారి గదికి వెళ్ళాను. చెప్పాను. ఆవిడ విన్నారు. వినని మనిషి కాదు.

"నేను చదువుకునే రోజుల్లో ఒకావిడ వచ్చింది సౌదామినీ. సరే, సరే, సరే అంటూనే నా కొంగు వదల్లేదు. సరే అంది కదా అని కోశాం. ఆ కొంగు పట్టు ఇప్పటికీ నాకు గుర్తుంది. అప్పట్నుంచి నేను నోటి మాట వినను."

"ఈవిడ వద్దంటోంది కదండీ."

"వద్దనేదీ నోరే కదా."

ఆవిడ లేచొచ్చి నా భుజం మీద చెయ్యేసి, "నువ్వు పని బాగా చేస్తున్నావు. ఆవిడంత నెమ్మదిగా ఉండడం నీ చలవే" అన్నారు. మెచ్చుకున్నారు. చేపముల్లులా దిగింది.

నమోదు 119

కోత రోజు పొద్దున. వట్టివేరు తేలేదు. నూనె తేలేదు. చెయ్యి పట్టుకోలేదు. అమ్మాజీ గారి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, తోడు అన్న ఏ మనిషీ చెయ్యకూడని పని చేశాను.

"కుట్లు ఊడచ్చు పిన్ని గారూ. లోపల కారచ్చు."

"ఊఁ."

"జుట్టు ఊడిపోతుంది."

"ఏదీ, ఉంటే గదా ఊడ్డానికి."

"గబగబా ఊపిరి తియ్యండి. పరిగెత్తినట్టు. నేను చెప్పిందంతా మర్చిపోయి భయపడండి, మీకు దణ్ణం పెడతాను."

పాపం ప్రయత్నించారు. నాలుగుసార్లు గబగబా తీసుకున్నారు. అయిదోది దానంతటదే సాగింది. ఆరోది ఇంకా పొడుగ్గా సాగింది. కంకణంలో మెరిసిన కాస్త నారింజరంగూ చల్లారిపోయింది.

"నువ్వు నేర్పిందే గదమ్మాయ్. ఆపుదామంటే ఆగట్లేదు." నావైపు తిరిగి, తనే నాకు ధైర్యం చెప్తున్నట్టు అన్నారు, "భయమెయ్యట్లేదే నాకు. వద్దనే ఉంది. భయం వేరు, వద్దు వేరు గదా?"

బండి తోసుకెళ్ళిపోయారు. కొడుకు గుమ్మం దగ్గర నిలబడి రెండు చేతులూ జోడించి నాకు నమస్కారం పెట్టాడు.

నమోదు 121

అమ్మాజీ గారు కోలుకుంటున్నారు. గాయం శుభ్రంగా ఉంది. గుటకకీ గుటకకీ మధ్య ఆగడం, అల్లం నీళ్ళు చెంచాతో తీసుకోవడం, అన్నీ చెప్పినట్టు చేస్తున్నారు. రోగి సహకారం ఉత్తమం అని రాశాను. నిజమే.

"మోకాళ్ళు తేలికపడతాయన్నారు డాక్టరమ్మ. నిజమేనా?"

"నిజమేనండి. మీకు బీపీ కూడా తగ్గుతుంది."

"మంచిదే. మంచిదే చేశారు." చెంచా పక్కన పెట్టారు. "అడిగుంటే ఇచ్చేదాన్నేమో అమ్మాయ్. వద్దన్నాక, 'ఎందుకు పిన్నీ' అని ఒక్కడు కూర్చుని అడిగుంటే, కాసేపు తిట్టి, ఇచ్చేదాన్నేమో. మనవడికి గదా. అడగలేదు. చెయ్యి చూశారు."

ఆవిడ మణికట్టు నొక్కి పట్టుకుని కూర్చున్నాను. నా వేలి కిందే ఆ కంకణం వెచ్చగా తగుల్తోంది.

నమోదు 122

ఇంటికెళ్ళేసరికి చాప పరిచి, పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టి ఉన్నాయి. ఎవరొస్తున్నారని అడిగాను.

"ఎవరూ రావట్లేదే, శుభమా అని పెట్టాను" అంది అమ్మ. "తూకం ఆఫీసుకెళ్ళి నీ పేరిచ్చొచ్చాం. పౌర్ణమికి పేరంటం."

"దేనికి నా పేరు?"

"చోటుకి."

అన్నయ్యది నీళ్ళు తోడే పంపుల మీద పని. పంపులవాళ్ళని కొయ్యరు, బలం కావాలి. వదిన కడుపుతో ఉంది. అన్నయ్య పెళ్ళప్పుడే వదిన కోసం అమ్మ చోటు పెట్టేసింది. మూడు చెంచాలకి పొట్ట నిండే మనిషి. మిగిలింది నేను. లావుగా ఉంటాను కూడా. ఈ లావు నాకిష్టమా కాదా అని ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు. నా చెయ్యీ నా ముక్కూ ఎలాగో ఇదీ అలాగే.

"నాకు వద్దమ్మా."

ముగ్గురూ తలెత్తారు. అమ్మా అన్నయ్యా నా మొహం చూడలేదు. చెయ్యి చూశారు.

ఆకుపచ్చ.

అన్నయ్య నవ్వేశాడు. "చెయ్యి ఒప్పుకుందిగా! నోటికేం, అదలాగే అంటుంది."

"వద్దంటున్నానురా."

"అను. ఆడపిల్లవి, ఆ మాత్రం బెట్టు చెయ్యకపోతే బాగోదు."

అరుద్దామనుకున్నాను. లోపల కుతకుతలాడుతోంది. కానీ కుతకుతలాడిందంటే ఊపిరి పొడుగ్గా వదలాలని ఈ ఒంటికి నేర్పింది నేనే. రోజూ పదిమందికి నేర్పుతూ, ప్రతివాళ్ళతో పాటూ నేనూ చేశాను. నాకిప్పుడు కోపం వచ్చినా ఆకుపచ్చే, ఏడుపొచ్చినా ఆకుపచ్చే.

వదినొక్కతే నా మొహం చూసింది. తరవాత తన పొట్ట మీద చెయ్యేసుకుని, ఆకుల పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

నమోదు 124

తెప్ప మీది మెట్ల గోపురం పైదాకా పరిగెత్తాను. కంకణం ఎర్రబడింది. అదే పరుగుతో డాక్టర్ గారి గదిలోకి వెళ్ళి చెయ్యి చాపాను.

"కూర్చో" అన్నారు. "ఆయాసం ఎరుపు చెల్లదు. నీకు తెలుసు కదా."

కూర్చున్నాను. మంచినీళ్ళు అందుకునేలోపే చల్లారింది.

"నేను వద్దంటున్నాను డాక్టర్ గారూ. మీరు విన్నారు కదా?"

"విన్నాను."

"రాయండి మరి."

"ఎక్కడ రాయను?" వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఆవిడ ముందున్న తెర మీద రంగులే ఉన్నాయి. మాటకి చోటు లేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఒక్కసారి ఎరుపు తెచ్చుకో సౌదామినీ. నా ఎదుట, కూర్చుని. ఒక్క చుక్క చాలు. ఆ క్షణాన ఆపేస్తాను. నీ పొట్ట కొయ్యడం నాకేం సరదా?"

నాన్న మునిగిపోయిన రోజు గుర్తు తెచ్చుకున్నాను. నీళ్ళ మీద తేలిన ఆయన కండువా గుర్తు తెచ్చుకున్నాను. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఆవిడ ఆశగా కంకణం వైపు వంగారు. నాకు తెలియకుండానే ఒక పొడవాటి ఊపిరి బయటికి వెళ్ళింది. ఎవరూ అడక్కుండానే నన్ను నేనే ఓదార్చేసుకున్నాను.

"నీకు తోడుని వెయ్యక్కర్లేదు" అన్నారు చివరికి, కళ్ళజోడు పెట్టుకుంటూ. "ఆ ఒక్క సులువుంది."

నమోదు 126

డేవిడ్‌రాజు చూపించుకోడానికి వచ్చాడు. బుగ్గలు తగ్గి కొత్త మనిషిలా ఉన్నాడు. రాత్రి పూట ఊపిరి ఆగట్లేదట. వాళ్ళావిడ నిద్ర పట్టక, గురక లేదేంటని లేపి చూస్తోందట.

మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడో లేదో అడిగి, చేపముక్క ఎలా నమలాలో మళ్ళీ చూపించాను. నేనేం చెప్పకుండానే, "మేడమ్ గారు బాలేరు" అన్నాడు.

"ఎలా చెప్తున్నారు? ఆకుపచ్చగా ఉన్నానుగా."

"మొహం ఉంది గదండీ."

చెప్పాను. మొత్తం చెప్పాను. రోగితో చెప్పకూడదు. అతను నములుతున్న ముక్క మింగి, నోరు తుడుచుకున్నాడు.

"మా పడవ మీదకొచ్చెయ్యండి."

"అదంత తేలికా?"

"తెప్ప దిగడానికి కంకణం చూడరండి. ఎక్కడానికే చూస్తారు. పేరు మా పడవకి మార్చమని తూకం ఆఫీసులో చెప్తే చాలండి. మీ అరలోంచి మీ బరువు మొత్తం పోద్ది. మేనల్లుడొస్తాడో మేనగోడలొస్తాదో, ఉయ్యాలేసి ఊపుకోవచ్చు."

"మళ్ళీ రావాలంటే?"

తల గోక్కున్నాడు. "రావాలంటే మీ కోసం ఎవరో చోటు పెట్టాలండి. అది మాత్రం కష్టమే. అబద్ధం చెప్పను. డాక్టరమ్మ ఎప్పుడో గాని రాదండి మావైపు. నిద్రపోతుంటే మంచం ఓమూల నించి ఓమూలకెళ్తాది. స్నానానికి ఉప్పునీళ్ళే. కానీ నడుం నొప్పులోళ్ళు, వాంతులోళ్ళు, నీళ్ళలో దిగి భయం పట్టుకున్నోళ్ళు, మీక్కావలసినంతమంది."

"మీ పడవ మీద ఒక మనిషి ఒప్పుకున్నాడో లేదో ఎలా తెలుస్తుంది?"

నేనేదో పిచ్చి ప్రశ్న వేసినట్టు చూశాడు.

"అడుగుతామండి."

"వద్దంటే?"

"బతిమాలతామండి. తిట్టుకుంటామండి. అయినా వద్దంటే మానేస్తాం. ఆ అలల్లో చేతులు పట్టుకు రంగులు చూసే తీరికెక్కడిదండీ?"

నమోదు 127

ఇవాళ పేరంటం. పొద్దున్నే వదిన నా కాళ్ళకి పసుపు రాసింది. రాస్తున్నంతసేపూ తలెత్తలేదు. అయ్యాక మాత్రం చిన్నగా అంది.

"నేను అడగలేదు సౌదా. నీ పేరు ఇమ్మని నేను అడగలేదు."

"తెలుసు వదినా."

"వద్దనీ అనలేదు."

"అదీ తెలుసు."

అమ్మ కొత్తచీర మడత విప్పి నా భుజం మీద వేసింది. చామంతి రంగు. నాకు బాగుంటుంది, ఆవిడకి ఆ కన్ను ఉంది. అన్నయ్యా వదినా వచ్చినవాళ్ళకి తాంబూలాలు సర్దుతుంటే, అమ్మా నేనూ గదిలో మిగిలాం.

"అమ్మా, నీకు చేసినప్పుడు కంకణం ఏ రంగులో ఉంది?"

కుచ్చిళ్ళు సర్దుతున్న చెయ్యి ఆగింది. "ఎరుపే. మూడుసార్లు వెనక్కి పంపించారు. నాలుగోసారికి ఏడ్చి ఏడ్చి ఓపిక అయిపోయి కూర్చున్నాను. అప్పుడు పచ్చబడింది."

"అది ఒప్పుకోవడమేనా?"

"ఏమోనే. పనైంది. మీ అన్నయ్యకి పెళ్ళయింది, వదినొచ్చింది." కుచ్చిళ్ళు దోపి, పిన్నీసు పెట్టి, అప్పుడు నా మొహం చూసింది. "నేను కనీసం ఏడ్చాను. నువ్వు ఏడవవు, అరవవు. నీ మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది?"

"చెప్పాను కదమ్మా."

"చెప్పావు. అరవలేదుగా."

ఆ మాటలో మోసం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఈ మనిషి నన్ను ప్రేమగానే చూస్తోంది. చూస్తోంది, వినట్లేదు.

విస్తరి ముందు కూర్చోబెట్టారు. వండింది అమ్మాజీ గారు. ఇంకా నీరసంగానే ఉన్నారు, స్టూలు మీద కూర్చునే వండారట. రుచి చూడ్డానికి కోడలిని పక్కన నిలబెట్టుకుని, "నీ నాలుకతో నా వంట, దేవుడా" అని తిట్టుకుంటూ. పీతల పులుసు, నెత్తళ్ళ వేపుడు, మునగాకు పప్పు, బెల్లం పరమాన్నం. వడ్డన కూడా తనే చేస్తానని పట్టుబట్టారు. గరిటె నా విస్తరి మీదకి తెచ్చి ఆపారు.

"ఇంకా వెయ్యనా?"

చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాలేదు. నిండు విస్తరికి ఎవరూ అడిగి వడ్డించరు. ఆవిడ నా చెయ్యి చూడట్లేదు, నా నోరు చూస్తున్నారు.

"వెయ్యండి."

"పరమాన్నం?"

"అది చాలండి."

గరిటె వెనక్కి తీసుకున్నారు.

మొత్తం తిన్నాను. ఒక్క మెతుకు వదల్లేదు. పీత కాళ్ళు కూడా పీల్చాను. చెయ్యి కడుక్కుని వచ్చి, అందరూ వినేలా, మామూలు గొంతుతోనే చెప్పాను. పొద్దున పసుపుకి ముందే తూకం ఆఫీసుకి వెళ్ళొచ్చానని, ఈ అరలో నా పేరు లేదని.

అన్నయ్య అలవాటు కొద్దీ నా చెయ్యి పట్టుకు చూశాడు. చూసి, వదిలేశాడు.

"మళ్ళీ ఎక్కనివ్వరే" అంది అమ్మ.

"తెలుసు."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. చాలాసార్లు వచ్చింది."

అమ్మ నా కంకణం వైపు చూడబోయి, సగంలో ఆగి, నా మొహం వైపు తిరిగింది. ఏం కనబడిందో నాకు తెలీదు. నేను అడగలేదు.

బిడ్డకి చోటుంది. నా పొట్ట నా దగ్గరుంది. వట్టివేరు కట్ట, నువ్వులనూనె సీసా, రెండు చీరలు సర్దుకున్నాను. కంకణం విప్పి హాస్పిటల్లో ఈ బల్ల మీద, నమోదుల పక్కన పెడుతున్నాను, తరవాత వచ్చే తోడు తీసుకోవచ్చు.

సాయంత్రం నీళ్ళు వెనక్కి తీసే పాటుకి లంగరు పడవ బయల్దేరుతుంది. నేను ఎక్కుతున్నాను.